అంతా థైరాయిడే అన్నారు

నాకు థైరాయిడ్ తక్కువ ఉందని తెలిసింది రెండో కాన్పు అయ్యాక. మా వైపు దాన్ని పెద్ద జబ్బు కింద లెక్కెయ్యరు. మా స్టాఫ్ రూములో సగంమంది ఆడవాళ్ళు పొద్దున్నే పరగడుపున ఆ చిన్న మాత్ర వేసుకుని బడికి వచ్చేవాళ్ళే. నాది 50 మైక్రోగ్రాముల మాత్ర. ఏళ్ళ తరబడి దానితోనే హాయిగా గడిచిపోయింది. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజంతా నిలబడి పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి వంట చేసి, రాత్రి పేపర్లు దిద్దుకునేదాన్ని.

2017లో వేసవి సెలవులై బడి తెరిచాక ఒంట్లో తేడా మొదలైంది. మూడో పీరియడ్ అయ్యేసరికి సుద్దముక్క పట్టుకున్న చెయ్యి బోర్డు మీదికి లేచేది కాదు. కుర్చీలోంచి లేస్తే కళ్ళు బైర్లు కమ్మేవి. అన్నిటికంటే కష్టం తెల్లవారుజాము. మెలకువ వచ్చేసరికి చీర తడిసిపోయేంత చెమట, చేతుల వణుకు, గుండె దడ. పక్కన పడుకున్న పిల్లని చూసి ఎవరా అనుకున్న రోజులున్నాయి. కాఫీలో పంచదార దండిగా వేసుకుని తాగితే పావుగంటలో మళ్ళీ మనిషినయ్యేదాన్ని. అందుకని అది నీరసమేననీ, కాఫీ పడితే పోతుందనీ ఇంట్లో అందరం అనుకున్నాం.

మేం ఎప్పుడూ చూపించుకునే ఆసుపత్రికి వెళితే రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్ చాలకపోతే పెరిగే టీఎస్‌హెచ్ 9 దగ్గర ఉంది. "థైరాయిడ్ పెరిగిందమ్మా, అందుకే నీరసం" అని మాత్ర 75 చేశారు. తగ్గకపోతే 100 చేశారు. మోతాదు పెరిగినప్పుడల్లా నేను ఇంకొంచెం దిగజారాను. ఆ మాట చెబితే మందు ఒంటికి పట్టడానికి వ్యవధి పడుతుందన్నారు. డాక్టరుగారు చెడ్డవారు కాదు, శ్రద్ధగానే చూసేవారు. కానీ నా కాగితం పైన 'థైరాయిడ్' అని రాసి ఉంది. నేనేం చెప్పినా ఆ ఒక్క మాట కిందికే వెళ్ళిపోయేది. జుట్టు రాలినా థైరాయిడే, వాంతి వచ్చినా థైరాయిడే, నెలసరి తప్పినా థైరాయిడే. బరువు ఎందుకు తగ్గుతున్నానని అడిగితే మాత్ర పనిచేస్తోందన్నారు. నా జాకెట్లు నెలకోసారి కుట్లు లోపలికి వేయించుకోవాల్సి వస్తుంటే, దాన్ని మందు గుణం అనుకోవడానికి నాకు మనసొప్పలేదు.

కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నాను. దీపాలు పెట్టే వేళకి వాకిట్లోనే కూలబడిపోయాను. మాటలు ముద్దగా వస్తున్నాయట, పిలిస్తే పలకడం లేదట. మా అత్తయ్యకి షుగర్ ఉంది, ఇంట్లో గ్లూకోమీటరు ఉంటుంది. ఆవిడే నా వేలు గుచ్చి చూశారు. 46. రెండోసారి చూస్తే 44. ఆ అంకెలు ఆవిడకి బాగా తెలుసు. పంచదార నీళ్ళు నోట్లో పోశారు. కాసేపటికి లేచి కూర్చున్నాను. షుగర్ జబ్బు లేని మనిషికి షుగర్ ఎందుకు పడిపోయిందన్న ప్రశ్న మా ఇంట్లో మొదటిసారి ఆ రాత్రి లేచింది.

ఆ ప్రశ్నకి మాకు తోచిన జవాబు మా అత్తయ్యనే కోసేసింది. షుగర్‌కి ఆవిడ వేసుకునే గ్లిమిపిరైడ్ మాత్రా, నా థైరాయిడ్ మాత్రా రెండూ చిన్నవే. రెండూ ఒకే అల్మారాలో ఉండేవి. మాత్రలు మారిపోయి ఉంటాయని మా ఆడపడుచు ఫోన్‌లో అంది. అది నిజంగా జరిగే ప్రమాదమే, డాక్టర్లు కూడా మొదట దాన్నే అడుగుతారు. అత్తయ్య తన మాత్రలన్నీ ఒక డబ్బాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకి కట్టుకున్నారు. అయినా నా షుగర్ పడిపోవడం ఆగలేదు. "నా చేతి మీదుగా నీకేమైనా అవుతుందేమో అమ్మాయ్" అని ఆవిడ ఏడ్చిన రోజు నాకు ఇప్పటికీ బాధే.

ఈలోగా ఇంకో రెండు జరుగుతున్నాయి. వాటిని ఎవరూ జబ్బుతో ముడిపెట్టలేదు.

ఒకటి ఉప్పు. నాకు ముందునించీ ఊరగాయలంటే ఇష్టమే, కానీ ఇది వేరు. చల్ల మిరపకాయలు వేయించకుండానే నమిలేదాన్ని. ఉప్పులో ఊరేసిన నిమ్మకాయ బద్దలు రాత్రిపూట లేచి తినేదాన్ని. చివరికి కల్లుప్పు పలుకులు బుగ్గన పెట్టుకుని పాఠం చెప్పేదాన్ని. బీపీ వస్తుందని అత్తయ్య కోప్పడేవారు. నా బీపీ అప్పటికి 90కి దిగి ఉంది.

రెండోది రంగు. నాది చామనఛాయ. ఆ ఏడాదిలో మనిషిని నల్లబడిపోయాను. ఎండకి నల్లబడటం ఒక తీరుగా ఉంటుంది, బట్ట కప్పినచోట పాత రంగు మిగులుతుంది. నాకు కణుపుల మీద, మోచేతుల మీద, అరచేతి గీతల్లో, చివరికి సిజేరియన్ మచ్చ మీద కూడా నలుపు చేరింది. పెళ్ళిళ్ళకి వెళితే ఆ మాట అనని చుట్టం లేదు. ఒకరు క్రీము పేరు చెప్పారు, ఒకరు సున్నిపిండిలో పసుపు కలుపుకోమన్నారు. పదో తరగతి పిల్లలు వెనక బెంచీల్లో ఏదో అనుకుని నవ్వడం విన్నాను. ఆడమనిషి రంగు మారితే ఊరంతా గమనిస్తుంది, ఆ గమనింపు మాట అనడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఇది నా మనసులో నిలిచిపోయిన కోపం, దాచుకోను.

2018 సంక్రాంతి సెలవుల్లో జ్వరం వచ్చింది. ఇంటిల్లిపాదికీ వచ్చిన మామూలు జ్వరమే. వాళ్ళు మూడోనాటికి లేచి తిరుగుతున్నారు. నాకు వాంతులు పట్టుకున్నాయి. మంచినీళ్ళు కూడా లోపల నిలవలేదు. కడుపులో మెలితిప్పే నొప్పి. ఊళ్ళో సెలైన్ పెట్టించారు. అర్ధరాత్రికి స్పృహ తప్పుతూ వస్తోంది. మా ఆయన కారు మాట్లాడి విజయవాడ తీసుకెళ్ళారు. అత్తయ్య నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

క్యాజువాలిటీలో ఉన్నది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. బీపీ పై అంకె 74, షుగర్ 43. నర్సు గ్లూకోజు ఎక్కించబోతుంటే ఒక్క నిమిషం ఆగమని, ముందు రక్తం తీసి సీసాల్లో పట్టించి, వెంటనే గ్లూకోజు పెట్టించారు. షుగర్ తక్కువగా ఉన్న ఆ క్షణంలో తీసిన రక్తమే నిజం చెబుతుందని నాకు తర్వాత అర్థమైంది. తర్వాత ఆవిడ నా అరచెయ్యి వెలుతురులోకి తిప్పి చూశారు. నోరు తెరిపించి టార్చిలైటుతో చిగుళ్ళు చూశారు. చిగుళ్ళ మీద నీలం నలుపు మచ్చలున్నాయట. ఇన్నేళ్ళలో నా నోరు ఎవరూ తెరిచి చూడలేదు.

"ఉప్పు ఎక్కువ తింటారా?" అని అడిగారు.

నేను పలికే స్థితిలో లేను. అత్తయ్య చెప్పారు. "తింటుందమ్మా. కల్లుప్పు బుగ్గన పెట్టుకుంటుంది. ఎంత చెప్పినా వినదు."

"ఆమె ఒళ్ళు అడిగింది తింటోందండీ, ఏమీ అనకండి" అన్నారు డాక్టరమ్మ. రిపోర్టుల కోసం ఎదురుచూడకుండానే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చారు. ఉప్పు సెలైన్లు ధారగా ఎక్కించారు. తెల్లవారేసరికి నేను మా ఆయనతో మాట్లాడాను. సాయంత్రానికి ఇడ్లీ తిన్నాను. అంత త్వరగా మనిషి తిరిగిరావడం నేనెక్కడా చూడలేదు, అది నా ఒంట్లోనే చూశాను.

సోడియం 119, పొటాషియం 5.9. కార్టిసాల్ కనీసం పది దాటి ఉండాల్సింది, నాకు 1.4 ఉంది. దాన్ని తయారుచెయ్యమని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే ఏసీటీహెచ్ మాత్రం ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని కార్టిసాల్ తయారుచేసే ఎడ్రినల్ గ్రంథులు రెండూ నాకు పనిచేయడం మానేశాయి. దీన్ని అడిసన్ జబ్బు అంటారు. లండన్‌లో థామస్ అడిసన్ అనే వైద్యుడు 1855లో దీని గురించి పుస్తకం రాశాడు. నీరసం, పడిపోయే నాడి, నల్లబడే చర్మం, అన్నీ అందులోనే ఉన్నాయి. మన దేశంలో క్షయ కూడా ఈ గ్రంథుల్ని తినేస్తుంది కాబట్టి స్కానింగ్ తీశారు. క్షయ అయితే గ్రంథులు సాధారణంగా ఉబ్బి ఉంటాయి, లేదా సున్నం పట్టి ఉంటాయి. నావి ఎండిపోయి చిన్నవైపోయాయి. అంటే క్షయ కాదు, యాంటీబాడీల పరీక్ష కూడా అదే చెప్పింది. నా రక్షణ వ్యవస్థే ముందు థైరాయిడ్‌ని, తర్వాత ఎడ్రినల్‌ని శత్రువనుకుని కొట్టింది. ఈ రెండూ ఒకే మనిషిలో దెబ్బతినడాన్ని 1926లో ష్మిట్ అనే జర్మన్ వైద్యుడు రాశాడు, అందుకే ఆయన పేరుతో కూడా పిలుస్తారు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి అడిసన్ జబ్బూ, థైరాయిడ్ లోపమూ రెండూ ఉండేవని డాక్టరమ్మ చెప్పారు. మంచం మీద ఉన్న నాకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

షుగర్ సంగతి ఆవిడ రౌండ్సుకి వచ్చినప్పుడు మా ఆయనకి కాగితం మీద గీసి మరీ చెప్పారు. రాత్రంతా మనం ఏమీ తినకపోయినా షుగర్ నిలబడుతుందంటే కాలేయం లోపలినించి చక్కెర విడుదల చేస్తూ ఉంటుంది. ఆ పని సాగాలంటే కార్టిసాల్ ఉండాలి. అది లేకపోతే తెల్లవారుజాముకి, ఉపవాసం నాడు, జ్వరం వచ్చి తిండి తగ్గిన నాడు షుగర్ జారిపోతుంది. పెద్దవాళ్ళందరికీ ఇంతగా జారదు, పిల్లల్లో ఎక్కువ. నాకు జారింది. క్యాజువాలిటీలో తీసిన ఆ రక్తంలో ఇన్సులిన్ దాదాపు లేనట్టే వచ్చింది. అంటే షుగర్‌ని కిందికి నెట్టే చెయ్యి ఏదీ లేదు, పైకి లేపే చెయ్యే లేదు. గ్లిమిపిరైడ్ పొరపాటున మింగి ఉంటే ఇన్సులిన్ ఎక్కువగా ఉండేది. అత్తయ్య మీద ఉన్న అనుమానం ఆ ఒక్క అంకెతో పోయింది. మా ఆయన వార్డు బయటికి వెళ్ళి వాళ్ళమ్మకి ఆ మాట చెప్పారు. ఆవిడ మెడలో తాళంచెవి అక్కడే తీసి నా దిండు కింద పెట్టారు.

డాక్టరమ్మ ఇంకో ప్రశ్న కూడా అడిగారు. "నరాల బలానికని మాత్రలేమైనా వాడారా?" ఎందుకంటే థైరాయిడ్ ఉన్నవాళ్ళకి షుగర్ పడిపోవడానికి రక్షణ వ్యవస్థ తెచ్చిపెట్టే దారి ఇంకొకటి ఉంది. 1970లో జపాన్‌లో హిరాటా అనే వైద్యుడు దాన్ని బయటపెట్టాడు. అందులో ఒళ్ళు ఇన్సులిన్‌కే యాంటీబాడీలు తయారుచేస్తుంది. అన్నం తిన్నాక వచ్చిన ఇన్సులిన్‌ని అవి పట్టేసుకుంటాయి, అప్పుడు షుగర్ పెరుగుతుంది. కొన్ని గంటలకి వేళకాని వేళ వదిలేస్తాయి, అప్పుడు దభీమని పడుతుంది. రక్తంలో ఇన్సులిన్ వందల్లో కనబడుతుంది. ఇది థైరాయిడ్ తక్కువైనవాళ్ళకంటే ఎక్కువైనవాళ్ళలో, అంటే గ్రేవ్స్ జబ్బుకి మెథిమజోల్ వాడేవాళ్ళలో బాగా కనిపించింది. మన దగ్గర ఇచ్చే కార్బిమజోల్ ఒంట్లోకి వెళ్ళి మెథిమజోలే అవుతుంది. తిమ్మిర్లకి వాడే మాత్రల్లో ఉండే ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం కూడా దీన్ని తేగలదు. రెండింటిలోనూ గంధకం ఉన్న భాగమే కారణమంటారు. ఆ మందు ఆపేస్తే చాలామందికి కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుంది. అది తెలియక క్లోమంలో గడ్డ ఉందనుకుని కోసినవాళ్ళున్నారట. నేను బలానికని తిమ్మిరి మాత్రలు కొన్నాళ్ళు వేసుకున్న మాట నిజమే. అందుకని ఆ యాంటీబాడీ పరీక్ష కూడా చేశారు. లేవని తేలింది.

మాత్ర పెంచినకొద్దీ నేనెందుకు దిగజారానో కూడా అప్పుడే తెలిసింది. ఆ మాత్రలో ఉండే థైరాక్సిన్ ఒంట్లో ఉన్న కార్టిసాల్‌ని త్వరగా ఖర్చు చేయిస్తుంది. ఎడ్రినల్ బాగున్నవాళ్ళు ఆ ఖర్చుకి తగ్గట్టు ఇంకా తయారుచేసుకుంటారు. నేను చేసుకోలేను. ఉన్న కాస్తా హరించుకుపోయింది. అందుకే రెండూ తక్కువ ఉన్న మనిషికి ముందు హైడ్రోకార్టిసోన్ లాంటి స్టెరాయిడ్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి, పెంచాలి. ఇది డాక్టర్ల పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటే. అంతకంటే చిత్రం, కార్టిసాల్ లేనప్పుడు టీఎస్‌హెచ్ తనంతట తానే కొంత పెరుగుతుంది. స్టెరాయిడ్ మొదలుపెట్టాక నా టీఎస్‌హెచ్ దిగింది. నేను మళ్ళీ 50కి వచ్చాను. ఆ నెలలన్నీ నాకు ఎక్కించిన మోతాదు నాకు అవసరమే లేదు.

రంగు కూడా మందులు పడ్డ కొన్ని నెలల్లో వెనక్కి వచ్చింది. ఏసీటీహెచ్ పుట్టే మూలపదార్థం నుంచే చర్మానికి నలుపు తెచ్చే హార్మోనూ పుడుతుంది. ఎడ్రినల్ పలకకపోతే పిట్యూటరీ అరిచి అరిచి ఏసీటీహెచ్ కురిపిస్తుంది, దానితో పాటే నలుపూ వస్తుంది. అరచేతి గీతల నలుపు తెల్లబడుతున్న రోజుల్లో, క్రీము పేరు చెప్పిన చుట్టమే అది పనిచేసిందా అని అడిగింది. జబ్బు పేరు చెప్పాను. ఆవిడ వాళ్ళమ్మాయి చేతులు కూడా ఒకసారి చూసుకుంది. అది చాలు నాకు.

ఇప్పుడు నేను పొద్దున లేవగానే హైడ్రోకార్టిసోన్ 10, మధ్యాహ్నం 5, సాయంత్రం ఇంకో 5 వేసుకుంటాను. ఒంట్లో ఉప్పు, నీళ్ళ సంగతి చూసుకోవడానికి ఫ్లూడ్రోకార్టిసోన్ 0.1 ఒకటి. ఇవి జీవితాంతం. మా ఊరి షాపుల్లో ఇవి ఉండవు. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు కొని పంపుతాడు. 2020 లాక్‌డౌన్‌లో బస్సులు ఆగిపోయినప్పుడు డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టుకుంటూ నిద్రపోయిన రాత్రులున్నాయి. హైడ్రోకార్టిసోన్ దొరక్కపోతే ప్రెడ్నిసొలోన్ ఎంత వేసుకోవాలో డాక్టరమ్మ ముందే రాసిచ్చారు. ఆ కాగితమే ఆ నెల నన్ను కాపాడింది. ప్రాణం నిలబెట్టే మందు, పెద్ద ఖరీదు కూడా కాదు, అది జిల్లా కేంద్రంలోనైనా ఎప్పుడూ ఉండేలా చూడటం అంత అసాధ్యమా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

స్టెరాయిడ్ అన్న పేరుతో ఇంకో యుద్ధం చెయ్యాల్సి వచ్చింది. 2021 మే నెలలో నాకు కోవిడ్ వచ్చింది. అవి బ్లాక్ ఫంగస్ వార్తలు హోరెత్తుతున్న రోజులు. స్టెరాయిడ్ వాడినవాళ్ళకే అది వస్తోందని టీవీల్లో చెబుతున్నారు. తెలిసినవాళ్ళందరూ ఫోన్లు చేసి ఆ మాత్రలు వెంటనే మానెయ్యమన్నారు. ప్రేమతోనే అన్నారు. వాళ్ళ మాట విని ఉంటే నేను వైరస్ కంటే ముందు మాత్ర లేక పోయేదాన్ని. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒళ్ళు రోజూ తయారుచేసుకునే పాటి కార్టిసాల్‌నే నేను మాత్రగా మింగుతున్నాను. జ్వరం వస్తే ఆ మనిషి ఒళ్ళు తయారీ పెంచుకుంటుంది, కాబట్టి నేను మోతాదు రెట్టింపు చెయ్యాలి. మా ఆయన గోడకి అంటించిన కాగితం చూసి రెట్టింపు చేశారు, జ్వరం బాగా కాసినప్పుడు మూడింతలు ఇచ్చారు. ఇంట్లో హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షను సీసాలు రెండు ఎప్పుడూ ఉంటాయి. వాంతులు మొదలై మాత్ర నిలవకపోతే తొడలో ఎలా గుచ్చాలో మా ఆయనకీ, పెద్దమ్మాయికీ, మా వీధి ఆర్‌ఎంపీకీ నేర్పించాం. బడిలో హెడ్మాస్టరుగారి బీరువాలో కూడా ఒక సీసా ఉంది.

ఉపవాసాలు నాకు లేవిక. కార్తీక సోమవారాలు నా వంతువి కూడా తానే ఉంటానని అత్తయ్య పట్టుబట్టారు. షుగర్ ఉన్న మనిషి మీరూ ఉండకూడదని డాక్టరమ్మ చేత చెప్పించాల్సి వచ్చింది. ఇద్దరం తినే దీపాలు పెడుతున్నాం. ఊరగాయ జాడీ మాత్రం ఇప్పుడు ఆవిడే నా కంచం పక్కన పెడతారు.

ఈ జబ్బులు కుటుంబాల్లో నడుస్తాయి, ఆడవాళ్ళలో ఎక్కువ. థైరాయిడ్ ఉన్న అందరికీ ఎడ్రినల్ పోదు, చాలా కొద్దిమందికే. పిల్లలప్పటి నుంచి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళలో కూడా, మోతాదు పెంచకుండానే పదేపదే షుగర్ పడిపోతుంటే డాక్టర్లు ఈ కోణం చూస్తారట. మా చెల్లికి పోయినేడు థైరాయిడ్ తక్కువ ఉందని తేలింది. "అక్కా, రేపట్నుంచి మాత్ర మొదలుపెట్టమన్నారు" అని ఫోన్ చేసింది. ఒక్కరోజు ఆగి, ఉదయం ఎనిమిదింటికి కార్టిసాల్, దానితో పాటు సోడియం, పొటాషియం చూపించుకోమన్నాను. వాళ్ళ డాక్టరుగారు మొదట అవసరం లేదన్నారు. నా డిశ్చార్జి కాగితం ఫోటో పంపిస్తే చదివి, మారుమాట లేకుండా రాశారు. కార్టిసాల్ 15 వచ్చింది, మిగతావీ బాగున్నాయి. మర్నాడు మాత్ర మొదలుపెట్టింది. ఈ జనవరిలో మళ్ళీ చూపించుకుంది. బాగానే ఉంది.